రూతు ఆర్పిన లైట్లు

కాంతారావు గారి ఆక్సిజన్ మిషను ఆగిపోయిన సాయంత్రం రూతు ఆ ఇంట్లోనే ఉంది.

తమ పెరట్లో మునగచెట్టు ఆ ఏడు విరగకాసింది. నాలుగు కాడలు కోసి ఎదురింట్లో కాంతారావు గారి భార్య సత్యవతమ్మకి ఇచ్చి వద్దామని వెళ్ళింది. ఇద్దరూ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుకుంటూ ఉండగా వీధి చివర ఢామ్మని చప్పుడైంది. ఫ్యాను నెమ్మదించింది. ముందుగదిలో పగలూ రాత్రీ ఆగకుండా వినిపించే మిషను రొద తెగిపోయింది. ఆ రొదకి చెవులు ఎంతగా అలవాటు పడ్డాయంటే, అది లేని నిశ్శబ్దమే పెద్ద చప్పుడులా తోచింది ఇద్దరికీ.

"మళ్ళీ పోయినట్టుందే ట్రాన్స్‌ఫార్మరు," అంటూ సత్యవతమ్మ ముందుగదిలోకి పరుగెత్తింది.

కాంతారావు గారు గుడివాడ డిపోలో బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఊపిరితిత్తులు పాడైపోయి ఏడాదిగా ఆ మిషను మీదే బతుకుతున్నారు. మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, నోరు తెరుచుకుని గాలి కోసం వెతుక్కుంటున్నారు. అవసరానికని ఇంట్లో ఒక చిన్న సిలిండరు ఉంచుకున్నారు గానీ, కంగారులో సత్యవతమ్మకి దాని మర తిరగలేదు. రూతు తిప్పింది. గొట్టం ఆయన ముక్కుకి పెట్టింది. అది ఎంతసేపు వస్తుందో ఇద్దరికీ తెలీదు. ఆటో పిలిచి బందరు ఆసుపత్రికి బయల్దేరారు.

ఆటోలో సత్యవతమ్మ ఆయన తల తన భుజం మీద ఆనించుకుంది. రూతు సిలిండరుని మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఒక చేత్తో విసనకర్ర ఊపుతూ కూర్చుంది. హైవే ఎక్కాక లారీ ఒకటి అడ్డం వచ్చింది.

"కుడి... కుడి పక్కనించి కొట్టెయ్యి," అన్నారు కాంతారావు గారు కళ్ళు మూసుకునే.

"మాట్లాడకండి!" అంది సత్యవతమ్మ. ఆవిడ ఏడుస్తోంది. ఆ మాటకి రూతుకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆసుపత్రిలో ఆయన్ని వెంటనే చేర్చుకున్నారు. పొద్దున్నకి ప్రమాదం తప్పింది. డాక్టరమ్మ సత్యవతమ్మతో, "కొన్నాళ్ళు ఇక్కడే ఉండనివ్వండి. ఇంటికి పంపించడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ అక్కడ కరెంటు నమ్మకంగా ఉండాలమ్మా. ఇంకోసారి ఇలా జరిగితే సమయానికి తీసుకురాలేకపోవచ్చు," అని చెప్పింది.

రూతు పొద్దున బస్సులో ఒంటరిగా తిరిగొచ్చింది. గూడూరు దాటాక కాలవ గట్టు పక్కన దిగి ఊళ్ళోకి నడిచింది. రైతుల వీధి అయిపోయి పేట మొదలయ్యే చోట ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. రెండు వైపుల ఇళ్ళకీ అదొక్కటే దిక్కు. లైన్‌మన్ మహేష్ కాలిపోయినదాన్ని దింపించి వేరేది బిగిస్తున్నాడు.

"మహేషూ, ఎందుకయ్యా ఇది ఇలా మాటిమాటికీ కాలిపోతోంది?"

"కాలిపోక ఏం చేస్తుంది ఆంటీ? ఇది పెట్టినప్పుడు ఈ వీధిలో ఒక్క ఏసీ లేదు. ఇప్పుడు చూడండి. పెద్దది మంజూరైంది, కానీ వానలు పడేలోపు వస్తుందని నేను మాటివ్వలేను. సాయంత్రమయ్యేసరికి అందరూ ఒక్కసారే మోటార్లు వేస్తారు, కరెంటు కుక్కర్లు పెడతారు, ఏసీలు నొక్కుతారు. పొద్దుగూకిన దగ్గర్నించి అన్నాలు తినేదాకా కాస్త తగ్గించుకుంటే ఇది నెట్టుకొస్తుంది. లేదా, మళ్ళీ ఇదే కథ."

"ఎవరైనా చెప్పారా వీళ్ళకి?"

"నేను చెప్తే ఎవరు వింటారు?" అని నవ్వి, మహేష్ మళ్ళీ నిచ్చెన ఎక్కాడు.

అలా ఆ పని రూతు నెత్తిన పడింది. ఎవరూ పెట్టలేదు, తనే పెట్టుకుంది.

అది ఆమెకి కొత్త కూడా కాదు. రూతు ఆ ఊరి అంగన్‌వాడీలో ఆయా. యాభై దాటింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, త్వరత్వరగా నడుస్తుంది. ఎక్కడికి వెళ్ళినా ముందు ఆమె కన్ను స్విచ్ బోర్డు మీదికే పోతుంది. చర్చిలో ఆరాధన అయిపోయి జనం ఇంకా గుమ్మం దాటకముందే ఒక్కొక్క ఫ్యానూ ఆపుకుంటూ వచ్చేస్తుంది. పాస్టరు గారు చివర్లో ఇంకో మాట చెబుదామని ఆగితే చెమటలు పోసుకుంటూ చెప్పాల్సిందే. అంగన్‌వాడీ పిల్లలు ఆమెకి స్విచ్చుల ఆంటీ అని పేరు పెట్టారు. అక్కడ పప్పూ అన్నమూ పొయ్యి మీద ఒక పొంగు రానిచ్చి, గిన్నె దించి, వరిగడ్డి దట్టంగా కూరిన బుట్టలో పెట్టి, పైన గోనెసంచీ, దాని మీద పాత బొంత కప్పేస్తుంది. పిల్లలు పాటలు పాడుకునేలోపు లోపల అదే ఉడికిపోతుంది. గ్యాసు సగం మిగులుతుంది.

కానీ ఊళ్ళో అందరికీ తెలిసిన ఇంకో సంగతి కూడా ఉంది. రూతు ఇంట్లో తెల్లవార్లూ లైట్లు వెలుగుతాయి. ముందుగదిలో, పడగ్గదిలో, వంటింట్లో, వరండాలో. ఇంత పొదుపరి ఇంట్లో అంత వెలుగేమిటో ఎవరికీ అర్థమయ్యేది కాదు. అడిగినా ఆమె చెప్పేది కాదు.

ఆ రోజు సాయంత్రం నుంచి రూతు ఇంటింటికీ తిరిగింది. కాంతారావు గారి సంగతి చెప్పింది. మోటారు తెల్లవారుజామున వేసుకోమంది. అన్నం సాయంత్రమే గ్యాసు మీద పొంగించి గడ్డిబుట్టలో పెడితే తినేవేళకి పొగలు కక్కుతూ ఉంటుందంది. ఇస్త్రీ పొద్దున చేసుకోమంది. ఇంట్లో రెండు ఏసీలు ఉంటే ఒక గదిలోనే అందరూ పడుకోమంది. అందరూ మర్యాదగానే విన్నారు. కాంతారావు గారి గురించి అయ్యో అన్నారు. "అలాగే రూతమ్మా," అన్నారు. రూతు వీధి మలుపు తిరిగేసరికి మోటార్లు మోగాయి.

పేటలో వాళ్ళేమో, "మాకేముంది అత్తా, ఫ్యానూ టీవీయే గదా. ఏసీలున్న వాళ్ళకి చెప్పు ముందు," అన్నారు. ఏసీలున్న వాళ్ళేమో, "మేం తగ్గించుకుంటే మిగతావాళ్ళు తగ్గిస్తారేంటి?" అన్నారు.

చివరికి పున్నారావు గారింటికి వెళ్ళింది. ఆ వీధిలో పెద్ద డాబా అదే. పొలం ఉంది, పామర్రులో ఎరువుల కొట్టు ఉంది. ఆయన భార్య సుభాషిణి చెడ్డమనిషేం కాదు, కాకపోతే మాట పడదు. ఆ రోజు ఎండకి తలనొప్పితో ఉంది.

"చూడు రూతూ, మా సుష్మిత పరీక్షలకి చదువుకుంటోంది. ఉక్కలో కూర్చోబెట్టమంటావా? మేమేం ఊరికే వాడుకోవట్లేదుగా, బిల్లు కట్టుకునే వాడుకుంటున్నాం."

"బిల్లు సంగతి కాదండీ. ఆ కాస్తసేపే..."

"నీకొక మాట చెప్తా, ఏమనుకోకు. తెల్లార్లూ నీ ఇల్లు పెళ్ళివారిల్లులా వెలుగుతూ ఉంటుంది. ముందు నీ లైట్లు ఆర్పుకుని తర్వాత మా ఇంటికి రా."

రూతు "వస్తానండీ," అని చెప్పి మెట్లు దిగింది.

ఇంటికొచ్చేసరికి భర్త రాజారత్నం పెడన నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. అతను అక్కడ కలంకారీ అద్దకం పని చేస్తాడు. ఎన్ని సబ్బులు రుద్దినా గోళ్ళ చుట్టూ రంగు పోదు. భార్య ముఖం చూసి, ఏమైందని అడగకుండా పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి రూతే చెప్పింది.

"ఆవిడ అన్నది అబద్ధమేం కాదు గదండీ," అంది చివర్న.

"నాలుగు ఎల్ఈడీ బల్బులు, ఒక ఏసీతో సమానమా?"

"సమానం కాదు. కానీ నేను అడగడానికి వెళ్ళాను. అడిగేవాళ్ళ ఇల్లు చూడరా మరి?"

ఆ లైట్ల సంగతి భూమ్మీద తెలిసింది అతనొక్కడికే.

రూతు పుట్టింది దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో. డెబ్భై ఏడు ఉప్పెన వచ్చేనాటికి ఆరేళ్ళ పిల్ల. నీళ్ళు గుమ్మంలోకి వచ్చినప్పుడు నాన్న ఆమెని భుజాన వేసుకుని తాటిచెట్టు దగ్గరికి ఈదాడు, తలపాగా విప్పి ఆమెని చెట్టుకి కట్టాడు. కింద తను మొద్దుని కావలించుకుని నిలబడ్డాడు. అమ్మ చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని వెనకే వస్తోంది. చీకటి. కళ్ళు చించుకున్నా ఏమీ కనపడని చీకటి. ఆ చీకట్లోంచి అమ్మ, "రూతూ! రూతూ! ఎక్కడున్నారు?" అని పిలుస్తోంది. నాన్న, "ఇటు, ఇటు," అని అరుస్తున్నాడు. కొంతసేపు ఆ పిలుపు దగ్గరికొచ్చినట్టే ఉంది. తర్వాత దూరమైంది. తర్వాత లేదు.

ఒక్క దీపం ఉంటే అమ్మ తమని చూసేదని ఆ పిల్ల మనసులో పడిపోయింది. అంత గాలివానలో ఏ దీపం నిలుస్తుంది? పెద్దయ్యాక ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసినా ఏం లాభం? లైటు ఆర్పితే చెవుల్లో ఆ పిలుపు మొదలయ్యేది.

నాన్న ఆమెని బందరులో ఒక హాస్టల్లో చేర్చి కూలిపనికి పోయాడు. అక్కడ ప్రార్థన కాగానే దీపాలన్నీ ఆర్పేసేవారు. మొదటి రాత్రి రూతు ఏడ్చిన ఏడుపుకి గదిలో పిల్లలంతా లేచి కూర్చున్నారు. హాస్టల్లో వంట చేసే ఏస్తేరమ్మ వచ్చి ఆ పిల్లని వంటింట్లోకి ఎత్తుకుపోయింది. తన పక్కన చాప మీద పడుకోబెట్టి, బుడ్డిదీపం వత్తి తగ్గించి తలవైపు పెట్టింది. ఆ రాత్రి ఒక్కటే కాదు, ఆ ఏడాదంతా.

కిరసనాయిలు కొలిచి ఇచ్చేవారు. పొయ్యి అంటించడానికీ, రాత్రి వంట చేసే స్టవ్వుకీ, వంటింటి దీపానికీ అదే. రాత్రంతా దీపం వెలగాలంటే ఎక్కడినించి వస్తుంది? అప్పుడు ఏస్తేరమ్మ తన అమ్మమ్మ చేసిన పద్ధతి మొదలుపెట్టింది. పెద్ద తట్టలో గడ్డి కూరి, పొంగు వచ్చిన పప్పుగిన్నె అందులో కప్పిపెట్టేది. రోజూ సగంసేపే పొయ్యి. స్టవ్వు మీద చేసే రాత్రి వంట కూడా సగం నూనెతోనే అయిపోయేది. మిగిలిన నూనె బుడ్డిలో పోసేది.

"ఎందుకమ్మమ్మా గడ్డిలో పెడుతున్నావు?" అని రూతు అడిగితే, "నీ దీపం దాంట్లోనే ఉందే పిచ్చిపిల్లా," అనేది.

అందుకే రూతుకి పొదుపంటే పిసినారితనం అని ఎప్పుడూ తోచలేదు. ఒకచోట ఆపితే ఇంకోచోట, కావలసిన వాళ్ళ దగ్గర, వెలుగుతుందనే అనుకునేది. పెళ్ళయ్యాక మొదటి రాత్రే ఈ సంగతంతా రాజారత్నానికి చెప్పింది. అతను విని, లేచి వెళ్ళి తువ్వాలు తెచ్చుకుని కళ్ళ మీద కప్పుకుని పడుకున్నాడు. ముప్పై ఏళ్ళు దాటినా అలాగే పడుకుంటున్నాడు.

ఆ రోజు భోజనాలయ్యాక రూతు వరండాలో లైటు ఆర్పింది. తర్వాత వంటింట్లోది. తర్వాత ముందుగదిలోది. పడగ్గది స్విచ్చు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఇదొక్కటి ఉంచుకో," అన్నాడు రాజారత్నం. "ఎవరూ ఏమీ అనరు."

"ఒక్కటి ఉంచితే రేపు రెండు వేస్తాను. నా సంగతి నాకు తెలుసు."

అతను వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె చెయ్యి పట్టుకుని, "సరే ఆర్పు. నేను మాట్లాడుతూనే ఉంటా. నా గొంతు ఆగదు," అన్నాడు.

లైటు ఆరింది. రూతు వేళ్ళు అతని చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే మర్నాడు గోళ్ళ గుర్తులు కనిపించాయి. రాజారత్నం తక్కువ మాట్లాడే మనిషి. ఏం మాట్లాడాలో తెలియక తన పని చెప్పడం మొదలుపెట్టాడు. ముందు బట్టని కరక్కాయ నీళ్ళలో, పాలలో ముంచుతాం. ఎండలో ఆరేస్తాం. తర్వాత నల్లగీత అచ్చు. ఆ గీత సరిగ్గా పడితేనే మిగతావన్నీ. తర్వాత పటికతో ఎరుపు పడే చోట్లు అద్దుతాం. అప్పటికి ఎరుపు కనపడదు, కానీ ఉంటుంది. కాలవలో పారే నీళ్ళలో ఉతుకుతాం. తర్వాత కాగులో ఉడకబెడితే అప్పుడు బయటికొస్తుంది ఎరుపు...

"తర్వాత?" అంది రూతు.

"తర్వాత పసుపు." అతనికి నిద్ర ముంచుకొస్తోంది. మాట తడబడింది.

"ఆపకండి."

"ఆపట్లేదు. ముందు బట్టని కరక్కాయ నీళ్ళలో..." అని మళ్ళీ మొదట్నించి ఎత్తుకున్నాడు.

ఎప్పుడు నిద్రపోయిందో రూతుకి తెలీదు. రెండో రాత్రి, మూడో రాత్రి కూడా అంతే. కొన్ని రాత్రులు నిద్రే రాలేదు. అయినా లైటు వెయ్యలేదు.

సత్యవతమ్మ బట్టల కోసం బందరు నుంచి వచ్చి, ఎదురిల్లు చీకటిగా ఉండడం చూసి కంగారు పడింది. వరండాలో కూర్చున్న రాజారత్నాన్ని, "ఏమయ్యా, రూతు ఊళ్ళో లేదా?" అని అడిగింది. ఎప్పుడూ నోరు విప్పని మనిషి ఆవిడకి మొత్తం చెప్పేశాడు. సత్యవతమ్మ అట్నుంచి అటే పున్నారావు గారింటికి వెళ్ళింది. అక్కడ ఏం మాట్లాడిందో తెలీదు.

మర్నాడు మధ్యాహ్నం సుభాషిణి అంగన్‌వాడీకి వచ్చింది. చంకలో పెద్ద వెదురుబుట్ట. పిల్లలు తిని పడుకున్నారు, రూతు గిన్నెలు తోముతోంది.

సుభాషిణి గుమ్మంలోనే నిలబడింది. "రూతూ, నాకు తెలీదు. తెలిస్తే అంత మాట అనేదాన్ని కాదు."

"మీకెలా తెలుస్తుందండీ? నేనెవరికీ చెప్పలేదు."

"మా అత్తగారు చెప్తూ ఉంటారు ఉప్పెన సంగతి. ఆవిడ పుట్టిల్లు కూడా ఆ వైపే. నా పెళ్ళైన కొత్తలో దీపం పెట్టేవేళకి ఆవిడ ఒక్కర్తీ కూర్చుని ఏడ్చేవారు. మేం అప్పుడు..." సుభాషిణి మాట పూర్తి చెయ్యలేదు. బుట్ట కింద పెట్టింది. "నువ్వు లైట్లు వేసుకో. నేను మాత్రం మోటారు పొద్దున్నే వేస్తున్నా. దీంట్లో గడ్డి ఎలా కూరాలో చెప్పు."

రూతు చేతులు కడుక్కుంది. ఇద్దరూ నేల మీద కూర్చుని గడ్డి కూరారు. అడుగున మందంగా, పక్కల ఇంకా మందంగా, మధ్యలో గిన్నె పట్టేంత గూడు. గిన్నెకీ గడ్డికీ మధ్య గాలి ఆడకూడదని రూతు చెప్పింది. సుభాషిణి చేతులకి గడ్డి గుచ్చుకుని దురదపెట్టింది. చిన్నప్పుడు కుప్పల మీద ఎగిరి దూకేవాళ్ళమని చెప్పుకుని నవ్వింది.

ఆ రాత్రి పున్నారావు గారు ఇంటికొచ్చి కరెంటు కుక్కరు పెట్టినట్టే కనపడకపోయేసరికి, ఇవాళ వంట లేదనుకుని హోటలుకి ఫోన్ చెయ్యబోయారట. సుభాషిణి బొంత తీసి గిన్నె మూత ఎత్తితే పొగ ముఖాన కొట్టిందట. ఆయన రెండోసారి వడ్డించుకున్నారని సుభాషిణి వీధంతా చెప్పింది. రూతు ఇల్లిల్లూ తిరిగి చెప్పినదానికంటే ఆ కబురు త్వరగా పాకింది.

ఇక ఆ వేసవంతా వీధిలో బుట్టలే. బుట్ట లేనివాళ్ళు అట్టపెట్టెలో కూరారు. ఒకావిడ పాత సూట్‌కేసులో కూరింది. కొందరి అన్నం పలుకయ్యింది, కొందరిది ముద్దయ్యింది, రూతు వెళ్ళి సర్దిచెప్పింది. పేటలో ఆడవాళ్ళు ఇస్త్రీలు పొద్దుటికి మార్చుకున్నారు. పున్నారావు గారి డాబాలో అందరూ ఒక గదిలో పడుకునేసరికి సుష్మిత మొదట సణిగింది. తర్వాత నాయనమ్మ దగ్గర పడుకుని కథలు వింటోందని తెలిసింది. సాయంత్రాలు ఉక్కకి ఇళ్ళల్లో ఉండలేక జనం అరుగుల మీదికి వచ్చారు. రైతుల వీధి వాళ్ళూ పేట వాళ్ళూ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఎదురుబొదురుగా కూర్చుని మాట్లాడుకోవడం ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరూ ఎరగరు.

అందరూ మారారని కాదు. చివరింటి పూర్ణచంద్రరావు గారు ఏసీ ఆపలేదు. ఆయనకి గుండె ఆపరేషన్ అయింది, ఆపమని రూతు అడగనూ లేదు.

కాంతారావు గారిని ఇంటికి తెచ్చిన రోజున ఎండ మండిపోయింది. చీకటి పడేవేళకి గాలి పూర్తిగా స్తంభించింది. అందరికీ ఒకటే గుబులు. ఇలాంటి సాయంత్రమే కదా పోయినసారి పేలింది! రూతు సత్యవతమ్మ ఇంట్లో మిషను పక్కన కూర్చుంది. చేతికందేలా పెద్ద సిలిండరు తెచ్చి పెట్టారు. బయట మహేష్ బండి ఆపుకుని స్తంభం కింద నిలబడ్డాడు. ఒక్క మోటారు కూడా మోగలేదు. మిషను రొద తెగకుండా సాగింది. అన్నాలు తినేవేళ దాటిపోయింది. మహేష్ గుమ్మంలోకి వచ్చి, "నెట్టుకొచ్చింది ఆంటీ," అని చెప్పి వెళ్ళిపోయాడు.

రూతు లేవబోతుంటే కాంతారావు గారు చెయ్యెత్తి ఆగమన్నారు. సత్యవతమ్మ ఆయనకి అంతా చెప్పేసినట్టుంది.

"రూతూ, నేను రాత్రి సర్వీసులు ఎన్నేళ్ళు నడిపానో తెలుసా?"

"ఎక్కువ మాట్లాడకండి బాబాయి గారూ."

"మాట్లాడనీ. రాత్రి బస్సులో లోపలి లైట్లన్నీ ఆర్పేస్తాం. డ్రైవరు దగ్గర మాత్రం చిన్న లైటొకటి ఉంటుంది. అది కనపడుతుంటే జనం నిద్రపోతారు. వాడు మేలుకుని ఉన్నాడులే అని." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "నాకెలాగూ నిద్ర రాదు. కూర్చునే ఉంటాను రాత్రంతా. ఆ చార్జింగు లైటు కిటికీలో పెట్టమన్నాను, నీ ఇంటివైపు. పగలు ఎండలో పెడితే చార్జయిపోతుందట, ఎవరి కరెంటూ తినదు. నువ్వు చూసుకో, పడుకో."

రూతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అలాగే బాబాయి గారూ," అంది.

ఆ రాత్రి రాజారత్నం కరక్కాయ దగ్గర మొదలుపెట్టి నల్లగీత దాకా వచ్చేసరికే ఆమె నిద్రపోయింది. అతను కాసేపు చీకట్లోకి చూస్తూ పడుకుని, చీకట్లో ఆమె తనకంటే ముందు నిద్రపోవడం ఇదే మొదటిసారి గదా అనుకున్నాడట.

వానలు మొదలైన చాన్నాళ్ళకి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. కొన్ని ఇళ్ళు మళ్ళీ పాత అలవాట్లలో పడ్డాయి. కొన్ని పడలేదు. రూతు కూడా గాలివాన పడే రాత్రుల్లో ఇంట్లో లైట్లన్నీ వేసుకుంటుంది, ఎవరూ ఏమీ అనరు. అలాంటప్పుడు సుభాషిణి ఒక్కోసారి ఫోన్ చేసి, "ఏం చేస్తున్నావే?" అని ఊరికే అడుగుతుంది.

మార్గశిరం చివర్లో కోతలయ్యాయి. బుట్టల్లో గడ్డి పొడైపోయి ముక్కవాసన వేస్తోంది, మార్చాలి. అంతకుముందు ఏడు వరకూ పున్నారావు గారు మిషనుతో కోయించి, మిగిలిన గడ్డికి పొలంలోనే నిప్పు పెట్టించేవారు. నాలుగు రోజులు ఊరంతా పొగ. కాంతారావు గారు తలుపులన్నీ బిగించుకుని దగ్గుతూ కూర్చునేవారు. ఈ ఏడు ఒక ఉదయం పున్నారావు గారే రూతు ఇంటి ముందు బండి ఆపారు.

"రూతూ, చేలో గడ్డి అలాగే ఉంచాను, తగలబెట్టించలేదు. మీ ఆడవాళ్ళకి ఎంత కావాలో తీసుకెళ్ళండి. మిగిలింది పశువులకి ఇచ్చేస్తాను."

"అంతా మాకే కావాలంటే?" అంది రూతు నవ్వుతూ.

"అంత గడ్డిలో ఎంత అన్నం వండుతావు తల్లీ!"

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పేట ఆడవాళ్ళు, వీధిలోని ఆడవాళ్ళు కలిసి చేలోకి వెళ్ళారు. ఎండ మెత్తగా ఉంది. కొత్తగడ్డి వాసన వేస్తోంది. సుభాషిణి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మోపు కట్టబోయి, తాడు జారి, మోపుతో సహా వెనక్కి పడింది. అందరూ పకపకా నవ్వారు. రూతు చెయ్యి అందించబోతే, "ఉండు, ఒక్క నిమిషం పడుకోనీ, ఎంత బావుందో," అంది సుభాషిణి గడ్డిలోనే వెల్లకిలా ఉండి. రూతు కూడా ఆమె పక్కన కూర్చుంది.